నా మూడు వందల్లో లేని మాట

మా వీధిలో ఉండే ఒక అమ్మాయి కొత్తగా ఇంగ్లీషు టీచరుగా చేరింది. ఈ మధ్య మా ఇంటికొచ్చి తన ఫోన్లో ఒక వీడియో చూపించింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దమనిషొకాయన ‘బైట్ ద బుల్లెట్’ అంటే కష్టాన్ని పంటిబిగువున ఓర్చుకోవడమని అర నిమిషంలో తేల్చేశాడు. తూటా కొరికినట్టు నటించి, నొప్పి పుట్టినట్టు మొహం కూడా పెట్టాడు. క్లాసులో ఇలా చెప్తే పిల్లలు ఎగబడతారు కదా మేడం అంది ఆ అమ్మాయి.

ఎగబడతారు. నా క్లాసులోనూ ఎగబడ్డారు. వాళ్ళలో ఆరుగురి ఉద్యోగాలు పోయాయి.

ఆ రోజు ఆమెకు కాఫీ ఇచ్చి పంపేశాను గానీ చెప్పవలసింది చెప్పలేదు. ఇప్పుడు ఆమె కోసమూ, ఆమెలా ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్ళ కోసమూ రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఇందులో ఎక్కువ చీవాట్లు తినవలసింది నేనే కాబట్టి నా పేరు అసలే రాయను.

ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పాను. కాపురం హిందూపురంలో, చివరి బడి పెనుకొండలో. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుందనగా నన్ను అదే ఊళ్ళో కొత్తగా పెట్టిన శిక్షణ కేంద్రానికి పంపారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వస్తున్నాయి, మన ఆడవాళ్ళకు ఇంగ్లీషు నేర్పితే ఉద్యోగాలు వస్తాయన్నది ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. తప్పంతా మేము నేర్పిన ఇంగ్లీషులో ఉంది.

అక్కడికి వారానికి రెండు రోజులు బెంగళూరు నుంచి ఒక శిక్షకుడు వచ్చేవాడు. పెనుకొండ ఎండలో కోటు తొడుక్కునేవాడు. లోపల మనిషి ఉడికిపోతున్నా మెడ దగ్గర గుండీ మాత్రం విప్పేవాడు కాదు. ఇంగ్లీషు మాట్లాడటం వేరు, ఇంగ్లీషువాళ్ళలా మాట్లాడటం వేరు అనేది ఆయన సిద్ధాంతం. ఇంగ్లీషుకు నుడికారమే ఉప్పు అనేవాడు. ఆ ఉప్పును విస్తరి నిండా వడ్డించి, అన్నం పెట్టడం మరిచిపోయిన మనిషి ఆయన. పక్కన నిలబడి గరిటె అందించింది నేను.

మీ అనుభవమంతా పెట్టి మనకొక పుస్తకం చేసివ్వండి మేడం అని ఆయన అడిగాడు. అడగగానే పొంగిపోయాను. ముప్పై ఏళ్ళలో నన్ను పుస్తకం రాయమన్నవాళ్ళు లేరు. నేను డిగ్రీ చదివిన నాటి వ్యాకరణ పుస్తకాలు అటక మీద నుంచి దింపి, దుమ్ము దులిపి, ఒకటొకటిగా ఏరాను. మూడు వందల నుడికారాలు, పక్కన తెలుగులో అర్థం, కింద ఒక వాక్యం. అట్ట మీద పెనుకొండ కొండ, దాని పక్కనే లండన్ గడియార స్తంభం వేయించాం. ఆ రెండింటినీ ఒకచోట చూసి నవ్వు రాని మనిషిని అప్పటికి నేనొక్కదాన్నే అనుకుంటా. లోపలి పేజీలో నా ఫోటో.

మా బడిలో పనిచేసిన తెలుగు పండితుడొకాయన ఉండేవాడు. కొత్తచెరువు మనిషి, హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాడు. సాయంత్రం రైల్లో నాకు తోడు. ఆ పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, మెల్లగా అడిగాడు.

“మేడం, ఈ మూడు వందల్లో మీతో ఎవురన్నా ఎప్పుడన్నా అన్న మాటలు ఎన్ని?”

లోపల లెక్కపెట్టుకున్నాను. నాలుగు. వాటిలో మూడు మా బెంగళూరు కోటు శిక్షకుడు, కోటాయన, అన్నవే. ఆ సంగతి ఒప్పుకోకుండా, తెలుగు చెప్పేవాళ్ళకు ఈ విషయాలు అంత తేలిగ్గా అర్థం కావులెండి అన్నాను. ఆయన నవ్వి పుస్తకం తిరిగి ఇచ్చేసి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అంత పొగరు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

క్లాసుకు ముప్పై మంది దాకా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ధర్మవరం మగ్గాల ఇళ్ళ నుంచి కొందరు, కనగానపల్లి వైపు పల్లెల నుంచి కొందరు, పెనుకొండ వాళ్ళు కొందరు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే కుండపోత వాన అని చెప్పాను. వేరుశనగ విత్తనం వేసి, మబ్బు కోసం ఆకాశంకేసి చూసి చూసి మెడలు పట్టేసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు నేను మొదట నేర్పిన మాట అది. కుక్కలూ పిల్లులూ రాలడమేమిటని పడీ పడీ నవ్వారు. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడమన్నాను. మరుసటి రోజు ఒకామె, వాళ్ళ ఊళ్ళో ఒక ముసలాయన రాత్రి బకెట్టు తన్నేశాడని చెప్పింది. అందరం చప్పట్లు కొట్టాం. ఒక మనిషి పోయిన వార్తకు చప్పట్లు కొట్టించిన టీచరును నేను. వాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి నేను బాగా చెప్తున్నానని అనుకున్నాను.

అందరిలోకీ గట్టి విద్యార్థి కనగానపల్లి ఆమె. ముప్పై దాటిన మనిషి. ధర్మవరంలో మగ్గాల దగ్గర తెగిన పట్టు పోగులు అతికే పని చేసి, కళ్ళు మంటలు పుడుతుంటే మానేసి వచ్చింది. పొడుగు నోటుబుక్కు ఒకటి పెట్టుకుని, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకునేది. మూడు వందలూ వరసగా అప్పజెప్పింది. ఒక్కనాడూ నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె అంటే నాకు అంత ఇష్టం ఎందుకో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

శిక్షణ అయ్యాక అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చాం. ‘పనిచేసే చోట వాడే ఇంగ్లీషును ఈమె చక్కగా అర్థం చేసుకోగలదు’ అని అందులో ఒక వాక్యం ఉండేది. వాక్యం కోటాయనది, కింద సంతకం నాది. నేను ఏ ఫ్యాక్టరీలోనూ ఒక్క పూటన్నా పనిచేసిన దాన్ని కాదు. అక్కడ ఏ ఇంగ్లీషు వాడతారో నాకు తెలియదు. అయినా ముప్పై సంతకాలు ఆకుపచ్చ సిరాతో చకచకా పెట్టేశాను.

హిందూపురం బయట కార్ల సీట్లకు కవర్లు కుట్టే కంపెనీ ఒకటి మా వాళ్ళలో ఆరుగురిని తీసుకుంది. కుట్టు సరిగా ఉందో లేదో చూసి ఇంగ్లీషు కాగితం నింపడం వాళ్ళ పని. కనగానపల్లి ఆమె వాళ్ళకు పెద్ద దిక్కు. వయసులో ఇంకొకామె పెద్దదైనా, ఈమెనే అందరూ అక్కా అనేవాళ్ళు. ఆరుగురూ హిందూపురంలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. కేంద్రంలో ఫోటో దిగాం. మధ్యలో కోటాయన. ఆ తర్వాత రెండు నెలలకు నేను రిటైరయ్యాను. శాలువా కప్పి, నేను ఎందరి బతుకుల్లోనో వెలుగు నింపానని ఉపన్యాసాలు చెప్పారు. నేను తల దించుకుని విన్నాను. సిగ్గుతో కాదు, ఫోటోలో వినయంగా కనపడాలని.

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కనగానపల్లి ఆమె మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మేడం, ‘లెట్ యూ గో’ అంటే ఏమి?” అంది.

ఎవరన్నారని అడిగాను. జరిగింది చెప్పింది.

ఆ కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారిని అందరూ హెచ్చార్ సారు అంటారట. ఉత్తరాది నుంచి వచ్చిన యువకుడు. తెలుగు రాదు, కన్నడం రాదు. ఏదన్నా చెప్పాలంటే ఈమెతో ఇంగ్లీషులో చెప్తాడు, ఈమె మిగిలినవాళ్ళకు తెలుగులో చెప్తుంది. ముందు రోజు మధ్యాహ్నం ఆరుగురినీ అద్దాల గదిలోకి పిలిచి, బిస్కెట్లు పెట్టించి, నవ్వుతూ ఏదో చెప్పాడు. అందులో ఈమెకు స్పష్టంగా వినపడిన ముక్క ‘వీ హ్యావ్ టు లెట్ యూ గో’. లెట్ తెలుసు, గో తెలుసు. ఇవాళ తొందరగా ఇంటికి పోనిస్తున్నారని ఆమె మిగిలిన అయిదుగురికీ చెప్పింది. ‘నో హార్డ్ ఫీలింగ్స్’ అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకోవద్దని అతని ఉద్దేశం. కష్టపడి పని చేసినారు, ఇంగ కష్టం వద్దంటున్నారని ఈమె చెప్పింది. ఆరు కాగితాలు ముందు పెట్టాడు.

“కాయితంలో ‘రిలీవ్డ్’ అని ఉండాది మేడం. మీ పుస్తకంలో ‘వాట్ ఎ రిలీఫ్’ అంటే అమ్మయ్య అని రాసినారు కదా. అందుకే నాకి భయం కాలే. గేటు దాటేదానికి చీటీ అనుకుంటి. పెట్టండని వాళ్ళకి నేనే చెప్తి.”

ఆరుగురూ సంతకాలు పెట్టారు. తొందరగా వదిలారన్న సంతోషంలో బజారుకు వెళ్ళి గాజులు కొనుక్కున్నారు. మరుసటి రోజు పొద్దున గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. మడకశిర వైపు ముసలాయన. “మీ పేర్లు కొట్టేసినారమ్మా, లోపలికి పంపొద్దన్యారు,” అన్నాడట. నేను మూడు వందల మాటల్లో చెప్పలేనిది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

నేను లేచి నా పుస్తకం తీశాను. ఎందుకు తీశానో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తుంది. అందులో ఆ మాట ఉండి, ఈమె మరిచిపోయి ఉంటే బాగుండునని తీశాను. ‘లెట్’ కింద రెండున్నాయి. సంచిలోంచి పిల్లిని వదలడం, అంటే రహస్యం బయటపెట్టడం. జుట్టు వదులుకోవడం, అంటే హాయిగా గడపడం. పిల్లిని వదలడం ఉంది, జుట్టు వదులుకోవడం ఉంది, మనిషిని వదిలించుకోవడం మాత్రం లేదు.

ఉద్యోగంలోంచి తీసేశారమ్మా అని చెప్పాను. ఆమె తెచ్చిన నకలు చదివి, మీరే మానేస్తున్నట్టు ఆ కాగితం మీద రాయించుకున్నారని కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు.

“తీసేసినామని చెప్పొచ్చు కదా మేడం, అట్ల ఎందుకు చెప్పల్యా?”

ఆమె నన్ను అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అదే. జవాబు కోసం తర్వాత చాలాకాలం ఆలోచించాను. ఇలాంటి మాటలు వినేవాళ్ళకు తెలియడానికి పుట్టినవి కావు, అనేవాళ్ళకు సిగ్గు వేయకుండా ఉండటానికి పుట్టాయి. మనిషి కడుపు కొడుతూ, తలుపు తెరిచి పట్టుకున్న మర్యాదస్తుడిలా కనపడటానికి. మనం వాటిని అందమైన పలుకుబడులని బోర్డు మీద రంగు సుద్దతో రాస్తాం.

ఆ రోజు మాత్రం మంచినీళ్ళు ఇచ్చాను. వెళ్ళేముందు ఆమె ఇంకొక సంగతి చెప్పింది. అయిదుగురూ ఆమెతో మాట్లాడటం మానేశారు. వాళ్ళలో పెద్దామె, ధర్మవరం ఆమె, ‘నీకి ఇంగ్లీషు వచ్చునని నమ్మితిమి’ అని ఒక్క మాట అని, తన చాప చుట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయిందట. ఇద్దరికి ఇంటి దగ్గర పిల్లలున్నారు. ఒకామె ఈ జీతం ఉందన్న ధైర్యంతో మగ్గం అమ్మేసింది.

మరుసటి రోజు పట్టుచీర కట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని కంపెనీకి వెళ్ళాను. నా ఇంగ్లీషు వింటే వాడు దిగివస్తాడని నమ్మకం. అర్జీ రాసుకెళ్ళాను. అందులో ‘అధోలిఖిత’, ‘సవినయంగా’ లాంటి బరువైన మాటలకు ఇంగ్లీషులో ఏమేమున్నాయో అన్నీ ఉన్నాయి. హెచ్చార్ సారు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఎంతో మర్యాద. నేను పది నిమిషాలు మాట్లాడాను. అంతా విని, తల ఊపి, ‘లెట్స్ పుట్ ఎ పిన్ ఇన్ ఇట్’ అన్నాడు.

ఆ మాట నా మూడు వందల్లో లేదు. అంటే ఏమిటని అడిగి ఉండాల్సింది. పక్కన నా విద్యార్థి ఉంది, ఒంటి మీద పట్టుచీర ఉంది, వెనక ముప్పై ఏళ్ళ సర్వీసు ఉంది. ఎలా అడగను? సర్కారు ఆఫీసుల్లో బతికినదాన్ని కదా, గుండుసూది పెట్టడమంటే నా అర్జీని ఫైలుకు గుచ్చి పైకి పంపడమని అర్థం చేసుకున్నాను. థ్యాంక్యూ చెప్పి, నవ్వి, బయటికి వచ్చాను. ఫైల్లో పెట్టాడమ్మా, ఇక పని జరిగినట్టే అని ఆమెకు చెప్పాను. ఆమె వెళ్ళి అయిదుగురికీ చెప్పింది. వాళ్ళు మళ్ళీ నమ్మారు.

మూడు వారాలు ఎదురుచూశారు. ఆ మూడు వారాల్లో పక్క ఫ్యాక్టరీలో ఖాళీలున్నాయని తెలిసినా వాళ్ళు వెళ్ళలేదు, పాత ఉద్యోగం తిరిగి వస్తోందని. చివరికి నేను బెంగళూరు కోటాయనకు ఫోన్ చేశాను. ఆయన పకపకా నవ్వాడు. పిన్ను పెట్టడమంటే ఆ సంగతి ఇప్పటికి పక్కన పడేయడమట. మళ్ళీ ఎత్తుకోవడమన్నది మాట వరసకే అన్నాడు. పోనీ మీరొచ్చి ఒక మాట చెప్పండి, వాళ్ళు మన విద్యార్థులు కదా అన్నాను. తనకు అంత బ్యాండ్‌విడ్త్ లేదన్నాడు. ఈసారి అడిగాను, అంటే ఏమిటని. తీరిక లేదని చెప్పడానికి అంత మాట ఎందుకో ఆయనకే తెలియాలి.

దిక్కుతోచక తెలుగు పండితుడి ఇంటికి వెళ్ళాను. నేను రైల్లో అన్న మాట ఆయనకు గుర్తుండే ఉంటుంది. ఎత్తలేదు. కాగితం తీసుకుని, పెనుకొండలో ఉండే కార్మిక శాఖ అధికారికి అర్జీ రాశాడు. ‘మమ్మల్ని పనిలోంచి తీసేశారు. మేము మానలేదు. కాగితంలో ఏముందో మాకు తెలియక సంతకాలు పెట్టాము.’ అంతే. ఆరుగురి చేతా సంతకాలు పెట్టించే ముందు, ఒక్కొక్కరి చేతా పైకి చదివించాడు. నా అర్జీ రెండు పేజీలు. ఆయనది నాలుగు వరసలు.

విచారణ రోజు అందరం పెనుకొండ వెళ్ళాం. రైల్లో అయిదుగురు ఒకవైపు కూర్చున్నారు, కనగానపల్లి ఆమె ఇంకోవైపు, నేను మధ్యలో. అధికారి రిటైరవడానికి దగ్గరపడిన మనిషి. హెచ్చార్ సారు ఒక వకీలును వెంటబెట్టుకుని వచ్చాడు. వకీలు ఏమీ వాదించలేదు. ఆరు కాగితాలు బల్ల మీద పరిచాడు. వాటి పక్కన ఇంకో ఆరు కాగితాలు పరిచాడు. అవి మా కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్లు. వీళ్ళకు ఇంగ్లీషు చక్కగా అర్థమవుతుందని సర్కారు టీచరే రాసిచ్చింది, అర్థమయ్యే సంతకం పెట్టారు, ఆ టీచరు గారు ఇక్కడే ఉన్నారు, అడగండి అన్నాడు.

అధికారి నావైపు చూశాడు. సంతకం మీదేనా అని అడిగాడు. నాదే అన్నాను. రాసింది నిజమేనా అని అడిగాడు.

నిజమే అంటే వీళ్ళ పని అయిపోయింది. కాదు అంటే తప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చానని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. విచారణ వేస్తారు, నలుగురిలో నవ్వులపాలవుతాను. ఆ కాసేపట్లో నేను ఆరుగురి గురించి ఆలోచించానని చెప్తే అబద్ధం. శాలువా గురించి ఆలోచించాను.

నేను నోరు తెరిచేలోపు కనగానపల్లి ఆమె లేచింది.

“సార్, మేడందేం తప్పు లేదు. ఈ అయిదుమందికీ ఇంగ్లీషు రాదు. నేను తప్పు చెప్తే నా మాట మింద పెట్టినారు. వాళ్ళని పనిలోకి తీసుకోమనండి. నన్నొక్కదాన్ని తీసేయమనండి, నేను పోతా.”

అయిదుగురిలో ఎవరూ తలెత్తలేదు.

అప్పుడు లేచాను. లేవక తప్పలేదు. “సార్, అందులో రాసింది నిజం కాదు,” అన్నాను. “ఫ్యాక్టరీలో ఏ ఇంగ్లీషు మాట్లాడతారో నాకే తెలియదు. తెలియకుండా నేర్పాను, తెలియకుండా సంతకం పెట్టాను. ఈయన నాతో అన్న మాట కూడా నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు నవ్వి వచ్చాను.” గుండుసూది సంగతి కూడా చెప్పాను. అధికారి నవ్వలేదు. రాసుకున్నాడు. వకీలు నవ్వాడు.

తర్వాత అధికారి హెచ్చార్ సారును ఇంగ్లీషులో అడిగాడు. వీళ్ళను మీరు తీసేశారా, వాళ్ళే మానుకున్నారా? అతను ‘వీ డిసైడెడ్ టు పార్ట్ వేస్’ అన్నాడు. ఎవరి దారి వాళ్ళం చూసుకున్నామని. అధికారి మళ్ళీ అడిగాడు. కంపెనీ ‘రైట్‌సైజింగ్’ చేస్తోందన్నాడు. అంటే సరైన కొలతకు వస్తోందట. బట్ట కత్తిరించినట్టు. మూడోసారి అడిగితే ‘ట్రాన్సిషన్’ అన్నాడు, అంటే మార్పట. మూడు మాటలు విన్నాం, ఒక్కదాంట్లోనూ తీసేయడం లేదు. అధికారి కలం పట్టుకుని ఏం రాయాలో తెలియక ఆగిపోయాడు.

కనగానపల్లి ఆమె ఇంకా నిలబడే ఉంది. అతనివైపు తిరిగింది. ఈసారి నా పుస్తకంలోని ఒక్క ముక్క కూడా వాడలేదు.

“సార్. యూ రిమూవ్ మీ? ఆర్ ఐ గో? టెల్ వన్.”

నన్ను నువ్వు తీసేశావా, నేనే పోయానా, ఒకటి చెప్పు. వ్యాకరణం ప్రకారం అందులో తప్పులున్నాయి. వెనకటి నేనైతే ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేదాన్ని.

అతను వకీలు వైపు చూశాడు. వకీలు కాగితాలు సర్దుకుంటున్నాడు. ఆమె చూపు తిప్పలేదు. ఆమె అడిగిన తీరులో పక్కకు తప్పుకునే సందు లేదు. అతని మొహంలో ఆ నవ్వు మెల్లగా పోయింది. అది పోయాక చూస్తే పాతికేళ్ళ మనిషి, పైవాళ్ళు చెప్పమన్నది చెప్పి అలసిపోయినవాడు.

“యూ వర్ రిమూవ్డ్,” అన్నాడు. మిమ్మల్ని తీసేశాం.

అధికారి అది రాసుకుని, కింద గీత గీసి, అతని చేత సంతకం పెట్టించాడు.

ఆరు రాజీనామాలూ చెల్లవన్నారు. వారం తిరిగేసరికి అందరినీ పనిలోకి తీసుకుంటున్నట్టు కంపెనీ కాగితం ఇచ్చింది. ఈసారి తెలుగులో. అయిదుగురు వెళ్ళారు. కనగానపల్లి ఆమె వెళ్ళలేదు. ఆ అద్దాల గది ముందు నుంచి రోజూ నడవలేనంది. నిజానికి అది కారణం కాదనుకుంటాను. ఉద్యోగాలు తిరిగి వచ్చినా ఆ అయిదుగురు ఆమెను మళ్ళీ అక్కా అని పిలవలేదు. ధర్మవరం పెద్దామె తన చాప మళ్ళీ ఈమె గదిలోకి తెచ్చుకోలేదు.

నాకు సంజాయిషీ అడుగుతూ ఒక తాఖీదు వచ్చింది. ‘నాకు తెలియని విషయాన్ని తెలిసినట్టు రాసి సంతకం పెట్టాను’ అని ఒక్క వాక్యం జవాబు పంపాను. తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అంత సూటిగా ఒప్పుకున్న కాగితాన్ని ఏ ఫైల్లో పెట్టాలో వాళ్ళకు తెలిసి ఉండదు. శిక్షణ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది. నా ఫోటో తీసేసి, పుస్తకాన్ని కోటాయన తన పేరుతో మళ్ళీ వేశాడు. ఇప్పుడు అందులో అయిదు వందలున్నాయట. ‘లెట్ గో’ చేర్చారేమోనని కుతూహలంతో తెప్పించి చూశాను. చేర్చలేదు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ మాత్రం మొదటి పేజీలోకి వచ్చింది, రంగుల బొమ్మతో.

పోయిన వేసవిలో ఒక పెళ్ళికి ధర్మవరం వెళ్ళి తిరిగి వస్తూ స్టేషనులో ఆమెను చూశాను. నేనే దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు ధర్మవరంలోనే ఒక పట్టుచీరల దుకాణంలో పనిచేస్తోందట. బయటి ఊళ్ళ వాళ్ళు ఫోన్లో వీడియో పెట్టి చీరలు చూపించమంటారు. వాళ్ళతో ఈమే మాట్లాడుతుంది, ఇంగ్లీషులోనే. కళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను, బాగానే ఉన్నాయంది. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

ఆ రోజు పెనుకొండలో నేను చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. అధికారికి చెప్పుకున్నాను గానీ, ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. తప్పు నాదమ్మా, నిన్ను ఆ అయిదుగురి ముందు దోషిని చేసింది నేనే, క్షమించు అన్నాను.

ఆమె వెంటనే అయ్యో అట్లనొద్దు మేడం అంటుందనుకున్నాను. మన వైపు ఆడవాళ్ళు పెద్దవాళ్ళతో అలాగే అంటారు. ఆమె అనలేదు. పక్కనున్న బుట్ట దగ్గరికి జరుపుకుంది.

“మీరు చెప్తే మేము నమ్మతాము మేడం,” అంది. “ఏది చెప్పినా నమ్మతాము. రాసుకుంటాము. చూసి చెప్పండి.”

ఆమె ఎక్కవలసిన బండి ముందు వచ్చింది. ఆమె బుట్ట తీసుకుని ఎక్కింది. ఆ మాట ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు కూడా, అందుకే ఇక్కడ రాస్తున్నాను.